సీమ ఎండలో నిలిచే గేమింగ్ పీసీ: ఏ పార్టు ఎలా ఎంచుకోవాలి

యూట్యూబ్‌లో మనం చూసే గ్రాఫిక్స్ కార్డు పరీక్షలు చాలావరకు ఏసీ గదుల్లో, 22, 23 డిగ్రీల దగ్గర చేసినవి. మే నెల మధ్యాహ్నం అనంతపురంలో మిద్దె మీది గదిలో పీసీ ఆన్ చేస్తే దాని లోపలికి పోయే గాలే 40 డిగ్రీలు ఉంటుంది. గది ఎన్ని డిగ్రీలు వేడెక్కితే లోపలి చిప్పు కూడా సుమారుగా అన్ని డిగ్రీలు వేడెక్కుతుంది. వీడియోలో 68 చూపించిన కార్డు ఇక్కడ 85 దగ్గరికి వచ్చిందంటే కార్డు చెడ్డదని కాదు. దీనికి తోడు దుమ్ము, ఆ పైన కరెంటు. అందుకే కర్నూలు, అనంతపురం, కడపల్లో పీసీ కట్టించుకునేటప్పుడు డబ్బు చాలకపోతే గ్రాఫిక్స్ కార్డులో ఒక మెట్టు దిగండి. ఎస్‌ఎంపీఎస్‌లో (పీసీకి కరెంటు అందించే పెట్టె), క్యాబినెట్‌లో మాత్రం దిగొద్దు. అంగళ్లలో చెప్పే కొటేషన్ సాధారణంగా దీనికి తలకిందులుగా ఉంటుంది. కార్డు పేరు మాత్రం పెద్దది, దాన్ని మోసే ఎస్‌ఎంపీఎస్ క్యాబినెట్‌తో ఊరికే వచ్చింది.

ముందు మానిటర్ తేల్చుకోండి

ఏ కార్డు కావాలో చెప్పేది మానిటరే. 1080పీ తెరలో 20.7 లక్షల పిక్సెళ్లు ఉంటే 1440పీ తెరలో 36.9 లక్షలు, అంటే కార్డుకు దాదాపు 1.8 రెట్ల పని. వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2 లాంటివి ఆడేవాళ్లకు 1080పీ, 144 లేదా 180 హెర్ట్జ్ (సెకనుకు తెర అన్నిసార్లు మారుతుంది) ఐపీఎస్ మానిటర్ చాలు. ఆ ఆటల్లో ఎఫ్‌పీఎస్ (సెకనుకు వచ్చే బొమ్మల సంఖ్య) పెంచేది కార్డు కన్నా ప్రాసెసరే. సైబర్‌పంక్ 2077 లాంటి బరువైన ఆటలు అందంగా ఆడాలంటే భారమంతా కార్డు మీద పడుతుంది. రెండు రకాలూ ఆడతామనేవాళ్లే ఎక్కువ. వాళ్లు ముందు 1080పీతో మొదలుపెట్టి, మిగిలిన డబ్బు మెమరీ ఎక్కువున్న కార్డుకు కలిపితే రెండేళ్ల తర్వాత 1440పీ మానిటర్ ఒక్కటి మార్చుకుంటే సరిపోతుంది.

గ్రాఫిక్స్ కార్డు

మానిటర్, కీబోర్డు పక్కన పెడితే, టవర్‌కు పెట్టే ప్రతి రూపాయిలో 35 నుంచి 45 పైసలు కార్డుకు పోవచ్చు. అంతకు మించితే మిగతా చోట్ల కోత పడుతుంది.

చూడాల్సింది పేరు కాదు, వీర్యామ్, అంటే కార్డు సొంత మెమరీ. 8 జీబీ కార్డులు 1080పీలో మీడియం, హై సెట్టింగులకు ఇప్పటికీ సరిపోతాయి. టెక్స్చర్లు అల్ట్రాలో పెడితేనో, 1440పీకి వెళ్తేనో కొత్త ఆటల్లో 8 జీబీ నిండిపోతుంది. అప్పుడు సగటు ఎఫ్‌పీఎస్ బాగానే కనిపిస్తూ, మధ్యమధ్యలో ఆట ఒక్క క్షణం ఆగి ఆగి పోతుంది. కొత్తగా కొనేవాళ్లు ఇక్కడ ఒక చిక్కులో పడతారు. ఆర్‌టిఎక్స్ 5060 టీఐ 8 జీబీలోనూ ఉంది, 16 జీబీలోనూ ఉంది. ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ కూడా అంతే. డబ్బా ఒకేలా, పేరు ఒకేలా ఉంటాయి. కొటేషన్‌లో జీబీ రాయించుకోండి, బిల్లులో కూడా.

ఆర్‌టిఎక్స్ 4060, 5060, 5060 టీఐ కార్డులు స్లాట్‌లో 16 లేన్లకు (డేటా నడిచే దారులకు) గాను 8 మాత్రమే వాడతాయి. కొత్త బోర్డుల్లో దీనివల్ల నష్టం లేదు. పీసీఐఈ (ఆ స్లాట్ ప్రమాణం) 3.0 ఉన్న పాత బోర్డులో పెడితే, అదీ 8 జీబీ కార్డు అయితే, మెమరీ నిండినప్పుడు వేగం బాగా పడిపోతుంది. పాత పీసీకి కార్డు మాత్రమే కొనేవాళ్లు ముందు తమ బోర్డు ఏ తరానిదో చూసుకోవాలి. రైజెన్ 5 5600జీ ఉన్నవాళ్లు ఇంకా జాగ్రత్త. బోర్డు 4.0 అయినా ఆ ప్రాసెసర్ 3.0 మాత్రమే ఇస్తుంది.

కార్డు పొడవు మిల్లీమీటర్లలో చూసి క్యాబినెట్ ఇచ్చే జాగాతో పోల్చండి. మూడు ఫ్యాన్ల కార్డులు కొన్ని 300 మిల్లీమీటర్లు దాటతాయి. మన ఎండకు ఒకే ఫ్యాను ఉన్న పొట్టి కార్డు వద్దు. చిప్పు అదే అయినా హీట్‌సింకు చిన్నది, ఫ్యాను ఎప్పుడూ పరుగే.

సెకండ్ హ్యాండ్ కార్డు కొంటే పది నిమిషాలు కాదు, అరగంట గేమ్ నడిపించి చూడండి. జీపీయూ-జెడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే, పాత చిప్పుకు కొత్త పేరు అంటించిన నకిలీ కార్డుల్లో చాలావాటిని అది పసిగడుతుంది.

ప్రాసెసర్, బోర్డు, ర్యామ్ మూడూ ఒకేసారి

ఈ మూడింటినీ విడివిడిగా ఎంచుకోవడానికి లేదు. ఒక సాకెట్‌కు ఒక బోర్డు, ఆ బోర్డుకు ఒకే రకం ర్యామ్.

ఏఎంఫోర్ సాకెట్, డిడిఆర్4 ర్యామ్, రైజెన్ 5 5600: తక్కువ ఖర్చు దారి. 6 కోర్లు, 65 వాట్లు, 1080పీకి నిశ్చింత. ఇక్కడినుంచి ముందుకు పోయే దారి మాత్రం దాదాపు మూసుకుపోయింది. ఏఎంఫైవ్ సాకెట్ 2022లో వచ్చింది, డిడిఆర్5 మాత్రమే తీసుకుంటుంది, ఈ సాకెట్‌ను 2027 దాకా, ఆపైనా కొనసాగిస్తామని ఏఎండీ మాటిచ్చింది. ఇందులో రైజెన్ 5 7600 నడిమి దారి. ఎక్కువ పెట్టగలిగితే 7800 ఎక్స్3డీ, 9800 ఎక్స్3డీ ఉన్నాయి. వీటి 96 ఎంబీ ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలి వేగమైన మెమరీ) ఆటల్లో నిజంగా తేడా చూపిస్తుంది. ఇంటెల్‌లో ఐ5 12400ఎఫ్ ఇంకా మంచి బేరమే. చివర ఎఫ్ ఉన్న ఇంటెల్ ప్రాసెసర్లలోనూ, ఏఎండీ 7500ఎఫ్‌లోనూ లోపల గ్రాఫిక్స్ ఉండదు. కార్డు చెడి సర్వీసుకు పోతే ఆ పది, ఇరవై రోజులూ తెర వెలగదు. సర్వీసు సెంటర్ మరో ఊళ్లో ఉండే మనకు ఇది చిన్న విషయం కాదు. 7600లో చిన్న గ్రాఫిక్స్ ఉంటుంది, ఆటకు పనికిరాదు కానీ చదువు, ఆఫీసు పని నడుస్తుంది.

ఇంటెల్ 13, 14 తరాల పెద్ద ప్రాసెసర్లు ఎక్కువ వోల్టేజీ తీసుకుని మెల్లగా పాడయ్యే లోపం 2024లో బయటపడింది. ఆ ఏడాది ఆగస్టు నుంచి బయోస్ (బోర్డులోని మూల సాఫ్ట్‌వేర్) అప్‌డేట్లు వచ్చాయి. అప్పటికే పాడైన చిప్పును అప్‌డేట్ బాగుచేయదు. అందుకని వాడిన ఐ7, ఐ9 ఆ తరాలవి కొనకపోవడమే మేలు.

ఇక "ఐ7 గేమింగ్ పీసీ, 16 జీబీ, ఆర్‌జీబీ లైట్లు" అని చవగ్గా అమ్మేవాటి సంగతి. లోపల ఉండేది చాలాసార్లు ఐ7 3770, అంటే 2012 నాటి ప్రాసెసర్. విండోస్ 11కు అధికారికంగా అర్హత లేదు, విండోస్ 10కు మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఏవీఎక్స్2 అనే సూచనల సమితి అందులో లేదు కాబట్టి కొన్ని కొత్త ఆటలు తెరుచుకోనే తెరుచుకోవు. విండోస్ 11లో వాలరెంట్ ఆడాలంటే టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అనే భద్రతా ఏర్పాట్లు ఉండాలి. ఐ7 అన్న మాట విని మోసపోకండి. దాని తర్వాత వచ్చే అంకెలే అసలు సంగతి.

బోర్డు విషయంలో మనకు ముఖ్యమైంది ప్రాసెసర్ చుట్టూ ఉండే వీఆర్‌ఎం. కరెంటును దించి ప్రాసెసర్‌కు ఇచ్చేది అదే, వేడెక్కేదీ అదే. దాని మీద అల్యూమినియం హీట్‌సింకు ఉన్న బోర్డు తీసుకోండి. మరీ చవక హెచ్610, ఏ620 బోర్డుల్లో కొన్నింటికి అది ఉండదు. 6 కోర్ల దాకా పర్లేదు, ఆ పైన వద్దు. బి650, బి760 మైక్రో ఏటీఎక్స్ చాలామందికి సరైన కొలత. రైజెన్ 9000 సిరీస్ ప్రాసెసర్‌ను పాత స్టాకు బి650 బోర్డులో పెడితే బయోస్ అప్‌డేట్ లేకుండా ఆన్ కాకపోవచ్చు. బోర్డు వెనక ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉంటే పెన్‌డ్రైవుతో ఇంట్లోనే పని అయిపోతుంది.

ర్యామ్ ఎప్పుడూ రెండు కర్రలుగా కొనండి. ఒక 16 జీబీ కన్నా రెండు 8 జీబీలు మేలు, ఎందుకంటే రెండు దారుల్లో డేటా నడుస్తుంది. వీలైతే రెండు 16 జీబీలు. ఏఎంఫైవ్‌కు డిడిఆర్5 6000 (వేగం), సీఎల్30 (ఆలస్యం, తక్కువైతే మేలు) సరైన జోడీ. తర్వాత పెంచుకుందామని నాలుగు స్లాట్లూ నింపే ఆలోచన డిడిఆర్5లో చెడ్డది. నాలుగు కర్రలు పెడితే వేగం తగ్గించాల్సి వస్తుంది. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా ఎగబాకాయి. నెల కిందటి కొటేషన్ పట్టుకుని వెళ్తే లాభం లేదు, కొనే రోజు ధరే అడగండి.

ఎస్‌ఎస్‌డీ (విండోస్, ఆటలు ఉండే డ్రైవు) గురించి పెద్దగా చెప్పక్కర్లేదు. 1 టీబీ ఎన్‌వీఎంఈ, పీసీఐఈ 4.0. విండోస్‌లో 931 జీబీ అని చూపిస్తే కంగారు పడొద్దు, లెక్క తేడా అంతే. 100 జీబీ దాటే ఆటలు మామూలయ్యాయి కాబట్టి 500 జీబీ ఇరుకు. 5.0 డ్రైవులు వేడికి కుంపటి, ఆటలకు వాటి అవసరం లేదు.

ఎస్‌ఎంపీఎస్: ఇక్కడ బేరం వద్దు

లెక్క కష్టం కాదు. రైజెన్ 5 7600 గరిష్ఠంగా 88 వాట్లు. 5060 టీఐ 180. బోర్డు, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, ఫ్యాన్లు కలిపి 60. మొత్తం దాదాపు 330 వాట్లు. కార్డులు క్షణకాలం ఇంతకన్నా ఎక్కువ లాగుతాయి, వేడిలో ఎస్‌ఎంపీఎస్ సత్తువ తగ్గుతుంది, కాబట్టి ఈ పీసీకి 600 లేదా 650 వాట్లు. ఆర్‌టిఎక్స్ 5070 అయితే 650 నుంచి 750.

డబ్బా మీది వాట్లను నమ్మకుండా పక్కనున్న స్టిక్కరు చదవండి. 12 వోల్టుల గడిలో ఎన్ని ఆంపియర్లు ఉన్నాయో చూసి 12తో గుణించండి. 45 ఆంపియర్లుంటే 540 వాట్లు, మంచి 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్ అది. పైన 450 అని పెద్దక్షరాల్లో ఉండి 12 వోల్టుల దగ్గర 18 ఆంపియర్లే ఉంటే అది 216 వాట్ల సరుకు. ఆట మొదలైన పది నిమిషాలకు పీసీ ఆరిపోవడం, గేమ్‌లో మాత్రమే రీస్టార్ట్ కావడం చాలావరకు దీని పుణ్యమే. 80 ప్లస్ (కరెంటు ఎంత తక్కువ వృథా అవుతుందో చెప్పే ముద్ర) బ్రాంజ్ కనీసం, గోల్డ్ అయితే వేడి తక్కువ.

అదే స్టిక్కరు మీద ఇన్‌పుట్ కూడా చూడండి. 100–240 వోల్టులు అని ఉన్నవి, 200–240 అని ఉన్నవి రెండూ మార్కెట్లో దొరుకుతాయి. చేలల్లో బోరు మోటార్లు ఒక్కసారిగా ఆన్ అయినప్పుడు వోల్టేజీ 180కి పడిపోయే ఊళ్లలో మొదటి రకమే నిలుస్తుంది. అది ఉంటే స్టెబిలైజర్ అక్కర్లేదు. పైగా స్టెబిలైజర్ రిలే టక్కుమని మారినప్పుడే కొన్ని పీసీలు రీస్టార్ట్ అవుతాయి.

మాడ్యులర్ ఎస్‌ఎంపీఎస్ కేబుళ్లు ఒక కంపెనీవి ఇంకో కంపెనీదానికి పెట్టకూడదు. ప్లగ్గు సరిగ్గా దూరుతుంది, లోపలి వైర్ల వరుస వేరు, డ్రైవులు కాలిపోతాయి.

ఎర్తు, యూపీఎస్, ఇన్వర్టర్

క్యాబినెట్‌కు చెయ్యి తగిలితే జివ్వుమంటోందా? పీసీ పాడైందనుకుని పార్టులు మార్చేస్తుంటారు. ఎర్తు లేకపోతే ఎస్‌ఎంపీఎస్‌లోని ఫిల్టర్ కెపాసిటర్ల వల్ల ఇనుప బాడీ మీద దాదాపు సగం వోల్టేజీ తేలుతుంది, కారణం అదే. ఎలక్ట్రీషియన్‌తో మల్టీమీటరు పెట్టించండి. ఫేజు, న్యూట్రల్ మధ్య 220–240, ఫేజు, ఎర్తు మధ్య దాదాపు అంతే, న్యూట్రల్, ఎర్తు మధ్య రెండు మూడు వోల్టులకు మించకుండా ఉండాలి. మన నేలలు ఎండాకాలంలో పొడిబారిపోతాయి, ఎర్తు గుంత కూడా ఎండి పనిచేయడం మానేస్తుంది. ఉప్పు, బొగ్గు వేసిన గుంత అయితే వేసవిలో వారానికి రెండుసార్లు ఒక బిందె నీళ్లు పోయండి. మూడు పిన్నుల ప్లగ్గును రెండు పిన్నుల అడాప్టర్‌లో దూర్చడం మానేయండి.

అంగట్లో దొరికే 600 వీఏ యూపీఎస్ నిజంగా ఇచ్చేది సుమారు 360 వాట్లు. పైన లెక్కేసిన పీసీకి మానిటర్ కలిపితే అంతే అవుతుంది. అంటే ఆట మధ్యలో కరెంటు పోతే యూపీఎస్ కుయ్యిమని అదీ ఆరిపోతుంది. 1000 లేదా 1100 వీఏ తీసుకోండి. సేవ్ చేసి ఆపుకునేందుకే అది, ఆడుకునేందుకు కాదు. వంపు తిరిగిన అసలు సైన్ వేవ్ ఇచ్చేవి ఖరీదు. మెట్లు మెట్లుగా ఇచ్చే చవక రకంతో కొన్ని ఎస్‌ఎంపీఎస్‌లు మారే క్షణంలో ఆగిపోతాయి, కొనే ముందు మీ పీసీతో ప్లగ్గు లాగి చూపించమని అడగండి. లెడ్ యాసిడ్ బ్యాటరీ ఆయుష్షు 25 డిగ్రీల పైన ప్రతి 10 డిగ్రీలకు సుమారు సగానికి పడుతుంది, కాబట్టి యూపీఎస్‌ను పీసీ వేడిగాలి కొట్టే వెనక వైపు పెట్టొద్దు.

ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే దాని వెనక యూపీఎస్ మోడ్ అనే స్విచ్ ఉందేమో చూడండి. మామూలు మోడ్‌లో కరెంటు మారడానికి పట్టే సమయం ఎక్కువ. నిండు లోడు మీద ఎస్‌ఎంపీఎస్ కరెంటు లేకుండా నిలబడగలిగేది సుమారు 12 నుంచి 17 మిల్లీసెకన్లే.

క్యాబినెట్, కూలర్, దుమ్ము

ముందు వైపు జాలీ ఉండాలి, అద్దం కాదు. అద్దం క్యాబినెట్ ఫొటోకు బాగుంటుంది, మేలో పొయ్యి. ముందు రెండు 120 లేదా 140 మిల్లీమీటర్ల ఫ్యాన్లు గాలి లోపలికి, వెనక ఒకటి బయటికి. ఫ్యాను వెనక పక్క, మోటారును పట్టుకునే పుల్లలు కనిపించే వైపు నుంచి గాలి బయటికొస్తుంది. తొందరలో తిప్పి బిగించినవి బోలెడు. లోపలికొచ్చే గాలి బయటికి పోయేదానికన్నా ఎక్కువ ఉంటే సందుల్లోంచి దుమ్ము పీల్చుకోదు, వచ్చేదంతా ఫిల్టరు దగ్గరే ఆగుతుంది. ఎర్ర నేల దుమ్ము, బేతంచెర్ల వైపు నాపరాళ్ల పాలిషింగ్ పొడి మరీ మెత్తగా ఉంటాయి. ఫిల్టరు నెలకోసారి కడిగి ఆరబెట్టండి, లోపల మూడు నెలలకోసారి బ్లోయర్ కొట్టండి. కొట్టేటప్పుడు ఫ్యాను రెక్కను వేలితో పట్టుకోవాలి, గాలికి గిర్రున తిరిగితే అది డైనమోలా కరెంటు పుట్టించి బోర్డుకు హాని చేయొచ్చు.

గడ్డి ప్యాడ్ల ఎయిర్ కూలర్ ముందు నేరుగా పీసీ పెట్టకండి. బోరు నీళ్ల ఉప్పుతో కలిసిన తుంపర, దుమ్ము కలిస్తే హీట్‌సింకు మీద గట్టి పొర కడుతుంది. గోడకు జానెడు దూరం, నేలకు అడుగు ఎత్తు ఉంచండి, బల్ల కింది అరలో మూసి పెట్టొద్దు.

ప్రాసెసర్‌తో వచ్చే చిన్న కూలర్ శీతాకాలానికి చాలు. వేసవికి నాలుగు హీట్‌పైపులు, ఒక 120 మిల్లీమీటర్ల ఫ్యాను ఉన్న టవర్ కూలర్ వేయించండి, ఎత్తు క్యాబినెట్ కొలతలో సరిపోతుందో చూసుకుని. లిక్విడ్ కూలర్ కూడా గది గాలితోనే చల్లబడాలి, 42 డిగ్రీల గదిలో అదేం మంచుగడ్డ కాదు. 6, 8 కోర్ల ప్రాసెసర్‌కు ఆ ఖర్చు దండగ.

వేసవి మూడు నెలలూ ఆఫ్టర్‌బర్నర్ అనే సాఫ్ట్‌వేర్‌లో కార్డు పవర్ లిమిట్ 80–85 శాతానికి దించండి. ఎఫ్‌పీఎస్ కొద్దిగా తగ్గుతుంది, వేడి బాగా తగ్గుతుంది.

ఎక్కడ కొనాలి, ఎలా తేవాలి

కర్నూలు నుంచి సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్, అనంతపురం నుంచి బెంగళూరు ఎస్పీ రోడ్, కడప నుంచి చెన్నై రిచీ స్ట్రీట్ చాలామంది పట్టే దారులు. పొద్దున పోయి రాత్రికి రావచ్చు. కానీ ఒక పార్టు చెడితే మళ్లీ అదే దారి. తేడా రెండు వేలలోపు ఉంటే ఊళ్లోని అంగట్లోనే తీసుకోండి, వారంటీకి వాళ్లే పంపుతామంటే ఇంకా మేలు. ఎక్కడ కొన్నా జీఎస్టీ బిల్లు, అందులో ప్రతి పార్టు సీరియల్ నంబరు ఉండాలి. వారంటీ కంపెనీదా, అంగడాయనదా అన్నది ముందే అడగండి. ఆన్‌లైన్‌లో తెప్పిస్తే డబ్బా విప్పడం వీడియో తీయండి.

అక్కడే బిగించి తెస్తే గ్రాఫిక్స్ కార్డు, పెద్ద టవర్ కూలర్ విప్పి విడిగా డబ్బాలో పెట్టి తేండి. బస్సు కుదుపులకు కార్డు బరువు స్లాట్‌ను విరిచేస్తుంది.

బిగించాక

ఏఎంఫైవ్, ఇంటెల్ బోర్డుల సాకెట్‌లో పిన్నులు బోర్డు వైపే ఉంటాయి, ఒక్కటి వంగినా వారంటీ పోతుంది. కూలర్ అడుగున ప్లాస్టిక్ పొర ఉంటే పీకండి. ర్యామ్ రెండు కర్రలూ ప్రాసెసర్ నుంచి లెక్కేస్తే రెండో, నాలుగో స్లాట్లలో. ప్రాసెసర్ పవర్ కేబుల్‌కూ కార్డు పవర్ కేబుల్‌కూ 8 పిన్నులే ఉంటాయి కానీ అవి వేరు, బలవంతంగా దూర్చొద్దు. కొత్త కార్డుల 16 పిన్నుల ప్లగ్గు మాత్రం సందు కనపడకుండా లోపలిదాకా నొక్కండి, సగం దూరితే కరిగిపోతుంది.

డిడిఆర్5తో మొదటిసారి ఆన్ చేసినప్పుడు బోర్డు ర్యామ్‌ను సరిచూసుకోవడానికి కొన్ని నిమిషాలు నల్ల తెరే ఉంటుంది. ఆపేయకండి. బయోస్‌లో ఎక్స్‌పో లేదా ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ను డబ్బా మీది వేగంతో నడిపే సెట్టింగు) ఆన్ చేయకపోతే 6000 ర్యామ్ 4800 దగ్గరే నడుస్తుంది. మానిటర్ కేబుల్ కార్డుకే గుచ్చాలి, బోర్డుకు కాదు. విండోస్ డిస్‌ప్లే సెట్టింగుల్లో 144 హెర్ట్జ్ ఎంచుకోకపోతే చాలాసార్లు 60 దగ్గరే ఆగి ఉంటుంది.

చివరి పరీక్ష మధ్యాహ్నం రెండు గంటలకు పెట్టుకోండి, చల్లటి రాత్రి కాదు. వేడి ఎంతో చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో సాఫ్ట్‌వేర్ తెరిచి ఉంచి, బరువైన గేమ్ ఒక గంట. కార్డు 85 లోపల, ప్రాసెసర్ 90 లోపల నిలిస్తే సరే. దాటితే మొదట క్యాబినెట్ పక్క ప్యానెల్ తీసి మళ్లీ చూడండి. అప్పుడు పది డిగ్రీలు పడితే తప్పు క్యాబినెట్ గాలిది. పడకపోతే కూలర్ బిగింపు, పేస్టు చూడాలి. పక్కన యూపీఎస్ ప్లగ్గు కూడా ఒకసారి ఆట మధ్యలోనే లాగి చూడండి, సేవ్ చేసుకున్నాక.